రాజుగారి సంతకం (రాయల్ అసెంట్): బ్రిటన్‌లో బిల్లు చట్టం ఎలా అవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

యూకేలో ఉంటున్న మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఏదైనా కొత్త చట్టం వార్త వచ్చిందంటే చాలు, "రాజుగారు సంతకం పెట్టేశారు, అయిపోయింది, రేపటి నుంచి అమలు" అని ఒక ఫార్వర్డు, "రాజుగారు ఒప్పుకోకపోతే ఆగిపోతుంది కదా" అని దానికింద ఇంకో మెసేజు. రెండూ తప్పే. సంతకం దగ్గర జరిగేది దాదాపు ఏమీ ఉండదు, అసలు కథంతా దానికి ముందూ దాని తర్వాతా ఉంటుంది. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను, వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన దానికి వెళ్ళిపోండి.

అసలు రాయల్ అసెంట్ అంటే ఏంటి?

బిల్లు హౌస్ ఆఫ్ కామన్స్‌లోనూ (ఎన్నికైన ఎంపీల సభ) హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనూ (పెద్దల సభ) పాస్ అవ్వాలి, అదీ రెండు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకే పాఠంతో. లార్డ్స్ ఏదైనా మారిస్తే మళ్ళీ కామన్స్‌కి వస్తుంది, కామన్స్ కాదంటే మళ్ళీ అటు పోతుంది, ఈ అటూఇటూ తిరగడాన్ని అక్కడివాళ్ళు పింగ్‌పాంగ్ అంటారు. అది తెగాక రాజుగారి ఆమోదం. అదే రాయల్ అసెంట్. అప్పటిదాకా అది బిల్లు, ఆమోదం వచ్చినట్టు రెండు సభలకీ చెప్పిన క్షణం నుంచి యాక్ట్. ఇక్కడ చాలామంది మిస్ అయ్యేది ఏంటంటే రాజు సంతకం పెట్టినప్పుడు కాదు, సంతకం అయిందని రెండు సభల్లోనూ ప్రకటించాకే అది చట్టం అయినట్టు లెక్క.

రాజుగారు బిల్లు మొత్తం చదివి సంతకం పెడతారా?

లేదండి. అసలు బిల్లు మీద సంతకమే పెట్టరు. క్రౌన్ ఆఫీస్ అని ఒకటి ఉంది, వాళ్ళు లెటర్స్ పేటెంట్ అనే రాజపత్రం తయారు చేస్తారు, అందులో ఆమోదానికి రెడీగా ఉన్న బిల్లుల పేర్లు ఉంటాయి, రాజుగారు సంతకం పెట్టేది ఆ పత్రం మీద. ఒక్కో పత్రంలో నాలుగైదు బిల్లులు కూడా ఉండొచ్చు. మూడొందల పేజీల ఫైనాన్స్ బిల్లు అయినా, రెండు పేజీల చిన్న బిల్లు అయినా ఆయన ముందుకి వచ్చేది ఒక పేరుగానే.

తర్వాత కామన్స్‌లో స్పీకర్, లార్డ్స్‌లో లార్డ్ స్పీకర్ లేచి ఫలానా యాక్టులకి హిజ్ మెజెస్టీ ఆమోదం తెలిపారని చదువుతారు. ఏదో చర్చ నడుస్తుంటే మధ్యలో ఆపి అర నిమిషంలో చదివేసి మళ్ళీ చర్చలోకి వెళ్ళిపోతారు, టీవీలో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. 1967 రాయల్ అసెంట్ యాక్ట్ వచ్చిన దగ్గర్నుంచి ఈ పద్ధతే ఎక్కువ.

మరి యూట్యూబ్‌లో కనిపించే ఆ ఎర్ర గౌన్లు, టోపీల తంతు?

అది పాత పద్ధతి, ఇప్పటికీ బతికే ఉంది. పార్లమెంటు సెషన్ ముగించేటప్పుడు, అంటే ప్రొరోగేషన్ రోజు, ఆమోదానికి మిగిలిన బిల్లులుంటే ఇలా చేస్తారు. చూడదగ్గ తంతు, ఓపికుంటే ఒకసారి చూడండి.

రాజుగారి తరఫున కొందరు లార్డ్స్‌ని కమిషనర్లుగా వేస్తారు. వాళ్ళు ఎర్ర గౌన్లు వేసుకుని సింహాసనం ముందున్న బెంచీ మీద వరసగా కూర్చుంటారు. బ్లాక్ రాడ్ అనే అధికారి వెళ్ళి కామన్స్ తలుపు కొట్టి వాళ్ళని పిలుచుకొస్తే, వాళ్ళొచ్చి లార్డ్స్ సభ చివర అడ్డకర్ర దగ్గర నిలబడతారు, కూర్చోడానికి కుర్చీ ఉండదు. టోపీలు తీసి పెట్టి నమస్కారాలు అవుతాయి. తర్వాత ఇద్దరు క్లర్కులు లేస్తారు. క్లర్క్ ఆఫ్ ది క్రౌన్ ఒక యాక్ట్ పేరు చదువుతారు, క్లర్క్ ఆఫ్ ది పార్లమెంట్స్ కామన్స్ వైపు తిరిగి "లె ర్వా లె వ్యో" అంటారు. రాజుగారు సరేనంటున్నారు అని. మళ్ళీ ఇంకో పేరు, మళ్ళీ అదే మాట. పది యాక్టులుంటే పదిసార్లు. అది నార్మన్ ఫ్రెంచి, ఇంగ్లండుని నార్మన్లు గెలిచాక రాజ్యం నడిపిన భాష, వాళ్ళు పోయి వందల ఏళ్ళయినా ఆ ముక్క మాత్రం పోలేదు.

డబ్బు బిల్లులకి ఇంకాస్త పొడుగు మాట ఉంది, రాజుగారు తన మంచి ప్రజలకి థాంక్స్ చెప్పి, వాళ్ళిచ్చింది పుచ్చుకుని, అలాగే కానివ్వమంటున్నారు అన్నట్టు ఉంటుంది. పన్నులు కట్టేవాళ్ళకి థాంక్స్ చెప్పే ప్రభుత్వం ప్రపంచంలో ఇదొక్కటేనేమో లెండి.

రాజులు స్వయంగా వచ్చి ఆమోదం చెప్పేవారా?

ఒకప్పుడు అదే పద్ధతి, పార్లమెంటుకి వచ్చి కూర్చోవాలి. ప్రతినిధులతో చెప్పించడం ఎలా మొదలైందో తెలిస్తే కాస్త ఒళ్ళు జలదరిస్తుంది. ఎనిమిదో హెన్రీ ఐదో భార్య క్యాథరిన్ హోవర్డ్‌కి మరణశిక్ష వేసే బిల్లు పార్లమెంటులో పాస్ అయింది. భర్తే కూర్చుని ఆ బిల్లు వివరాలన్నీ విని సరే అనాలి, అది రాజుగారికి బాధగా ఉంటుందని ప్రతినిధులు చెబితే చాలు అని ఏకంగా చట్టమే చేసుకున్నారు. దాన్ని 1541 చట్టం అని పిలుస్తారు. 1542 ఫిబ్రవరిలో ఆమె తల తీసేశారు. బాధపడకూడదన్నది ఎవరో, పోయింది ఎవరి ప్రాణమో చూడండి.

చివరిసారి స్వయంగా వచ్చి ఆమోదం చెప్పింది విక్టోరియా రాణి, 1854లో. ఆ తర్వాత ఒక్కరూ రాలేదు.

రాజుగారు వద్దంటే?

ఇది అందరూ అడిగే ప్రశ్న. కాగితం మీద వద్దనొచ్చు, దానికి కూడా ఒక ఫ్రెంచి మాట రెడీగా ఉంది, "లె ర్వా సావిజెరా", అంటే రాజుగారు ఆలోచిస్తారు అని. మన ఆఫీసుల్లో "చూద్దాం లెండి" అన్నారంటే పని అవ్వదని అర్థం కదా, అచ్చం అదే.

కానీ చివరిసారి అలా అన్నది 1708 మార్చి 11న, యాన్ రాణి. స్కాట్లాండులో మిలీషియాకి, అంటే స్థానిక పౌరుల దళానికి, ఆయుధాలిచ్చే బిల్లు అది. సరిగ్గా అప్పుడే ఫ్రెంచి ఓడలు స్కాట్లాండు వైపు బయల్దేరాయని వార్త వచ్చింది, సింహాసనం తమదంటున్న స్టువర్ట్ వారసుడితో. ఆ టైములో అక్కడి మిలీషియా చేతికి తుపాకులిస్తే ఎవరి వైపు తిప్పుతారో నమ్మకం లేదు. మంత్రులే వద్దని చెప్పారు, రాణి వద్దంది. అంటే ఆ ఆఖరి వీటో కూడా రాణి మంకుపట్టు కాదు, మంత్రుల సలహానే. మూడొందల ఏళ్ళు దాటింది, ఆ తర్వాత పార్లమెంటు పాస్ చేసిన బిల్లుని ఏ రాజూ రాణీ తిప్పి పంపలేదు. 1914లో ఐర్లండుకి స్వపరిపాలన ఇచ్చే హోమ్ రూల్ బిల్లు అప్పుడు ఐదో జార్జి మీద చాలా ఒత్తిడి వచ్చింది, వీటో చెయ్యమని. ఆయనా చివరికి సంతకం పెట్టారు.

ఎనిమిదో ఎడ్వర్డ్ అయితే తన రాజరికం ముగించే బిల్లుకి తనే ఆమోదం ఇచ్చారు, 1936 డిసెంబర్ 11న. ఆ ఆమోదంతోనే ఆయన రాజు కాకుండా పోయారు. పత్రాల మీద ముందు రోజు సంతకం పెట్టినా, చట్టప్రకారం దిగిపోయింది మాత్రం అసెంట్ పడిన క్షణంలోనే.

అంటే రాజుకి అసలు పవరే లేదా?

ఇక్కడే కాస్త ఆగాలి. రాయల్ అసెంట్ వేరు, కింగ్స్ కన్సెంట్ వేరు. పేర్లు దగ్గరగా ఉండేసరికి పేపర్లవాళ్ళే కలిపేస్తుంటారు.

బిల్లు రాజుగారి ప్రత్యేక అధికారాలనో, సొంత ఆస్తులనో, లాంకాస్టర్ డచీ (రాజుగారికి ఆదాయమిచ్చే ఎస్టేటు) ఆదాయాన్నో తాకితే, అది పార్లమెంటులో పూర్తవ్వకముందే ప్యాలెస్‌కి చూపించి అనుమతి తీసుకోవాలి. ఇదే కన్సెంట్. కార్న్‌వాల్ డచీని తాకితే యువరాజు దగ్గర కూడా తీసుకోవాలి. కన్సెంట్ అవసరమైన బిల్లుకి అది రాకపోతే ముందుకి కదలదు. సభలో దీన్ని చెప్పే తీరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, ఒక మంత్రి తల ఊపితే అయిపోయింది, గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకి ఏదో జరిగిందనే తెలీదు.

1999లో టామ్ డాల్యెల్ అనే ఎంపీ, ఇరాక్ మీద దాడులకి పార్లమెంటు అనుమతి తప్పనిసరి చెయ్యాలని ఒక బిల్లు పెట్టారు. యుద్ధం అనేది రాజు ప్రత్యేక అధికారం కాబట్టి కన్సెంట్ కావాలి, ప్రభుత్వం సలహా మేరకు అప్పటి ఎలిజబెత్ రాణిగారు ఇవ్వలేదు, బిల్లు అక్కడే చచ్చిపోయింది, చర్చకి కూడా రాలేదు. వీటో అనే మాట ఎక్కడా వినపడలేదు చూడండి. ప్యాలెస్ వైపు నుంచి ఎప్పుడూ చెప్పేది ఇదంతా మంత్రుల సలహా మీదే జరుగుతుందని. అయినా బిల్లు డ్రాఫ్టు ముందే చూసే అవకాశం ఉన్నవాళ్ళు, గుమ్మం దాకా వచ్చాక వద్దనాల్సిన అవసరం ఏముంటుంది? నన్నడిగితే అసెంట్ గురించి అడిగేవాళ్ళంతా కన్సెంట్ గురించి అడగాలి.

అసెంట్ వచ్చిన రోజు నుంచే అమల్లోకి వస్తుందా?

చట్టంలో తేదీ ఏమీ రాయకపోతే అవును, ఆ రోజు మొదలైన దగ్గర్నుంచి. కానీ ఈ రోజుల్లో దాదాపు ప్రతి చట్టంలోనూ ఏ సెక్షను ఎప్పటి నుంచో విడిగా రాస్తారు, లేదా మంత్రి తర్వాత నిర్ణయిస్తారని వదిలేస్తారు. లగ్నపత్రిక రాసుకున్నారని పెళ్ళయిపోయినట్టు కాదు కదా, ఇదీ అంతే.

మనవాళ్ళకి బాగా తగిలే ఉదాహరణ రెంటర్స్ రైట్స్ యాక్ట్. ఇంగ్లండులో అద్దెకుండేవాళ్ళని కారణం చెప్పకుండా సెక్షన్ 21 నోటీసుతో ఖాళీ చేయించే పద్ధతిని తీసేసే చట్టం ఇది. 2025 అక్టోబర్ 27న అసెంట్ వచ్చింది. అదే రోజు గ్రూపుల్లో "ఇక ఓనరు ఏం చెయ్యలేడు" అని మెసేజులు మొదలయ్యాయి. కానీ ఆ ముఖ్యమైన భాగం అమలుకి పెట్టిన తేదీ 2026 మే 1. మధ్యలో ఆరు నెలలు పాత రూలే. ఆ ఆరు నెలల్లో వచ్చిన నోటీసుని చెల్లదులే అని పక్కన పడేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంకో వింత, ఈస్టర్ యాక్ట్ 1928. ఈస్టర్ పండగ తేదీ ప్రతి ఏడాదీ మారకుండా ఒక వారానికి కట్టేద్దామని చేసిన చట్టం. 1928లోనే రాయల్ అసెంట్ వచ్చింది, పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది, ఒక్క రోజు కూడా అమల్లోకి రాలేదు. పైన చెప్పిన ఐర్లండు హోమ్ రూల్ చట్టం గతీ అంతే, అసెంట్ రోజే దాన్ని ఆపే ఇంకో చట్టం కూడా అసెంట్ తెచ్చుకుంది, తర్వాత అమలవ్వకుండానే రద్దయింది.

ఇది మనకి కొత్త విషయం కాదు నిజానికి. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో పాస్ అయింది, మార్చి 1న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆమోదం వచ్చింది, కానీ తెలంగాణ పుట్టింది జూన్ 2న. ఆ మూడు నెలలూ చట్టం ఉంది, రాష్ట్రం లేదు. అపాయింటెడ్ డే అనే మాట అప్పుడు ఇంటింటా నానింది, గుర్తుందా?

వీసా రూల్స్ మారితే కూడా రాజుగారి సంతకం కావాలా?

చాలాసార్లు అక్కర్లేదు, అందుకే జాగ్రత్తగా ఉండాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకి జీతం ఎంత ఉండాలి, డిపెండెంట్లని తెచ్చుకోవచ్చా లేదా లాంటివన్నీ ఇమిగ్రేషన్ రూల్స్‌లో ఉంటాయి. 1971 ఇమిగ్రేషన్ యాక్ట్ కింద హోమ్ సెక్రటరీ (హోం మంత్రి) మార్పుల పత్రాన్ని పార్లమెంటు ముందు పెడితే సరిపోతుంది. అది బిల్లు కాదు, సభలో బిల్లుని మూడు దఫాలు పరిశీలించే మూడు రీడింగులూ ఉండవు, అసెంటూ ఉండదు. "ఇంకా బిల్లే రాలేదు కదా, ఏడాది పడుతుంది" అనుకుని అప్లికేషను వాయిదా వేసుకోకండి, రూల్సు కొన్ని వారాల్లో మారిపోతాయి.

పార్లమెంటులో పాస్ అయ్యాక అసెంట్‌కి ఎంత టైము పడుతుంది?

గడువంటూ ఏం లేదు. మామూలుగా రోజులో వారాలో. అవసరం పడితే గంటలు. 2025 ఏప్రిల్ 12, శనివారం, సెలవుల్లో ఉన్న ఎంపీలని వెనక్కి పిలిచి స్కన్‌థోర్ప్ స్టీలు ఫ్యాక్టరీ ఫర్నేసులు ఆరిపోకుండా ఒక బిల్లు పెట్టారు, రెండు సభలూ పాస్ చేసి అసెంట్ కూడా అదే రోజు వచ్చేసింది. 2020లో కరోనా వైరస్ బిల్లు మార్చి 19న పెడితే 25న చట్టం అయిపోయింది.

లార్డ్స్ ఒప్పుకోకపోతే అసెంట్‌కి వెళ్ళలేదా?

వెళ్ళొచ్చు. 1911, 1949 పార్లమెంట్ యాక్టుల ప్రకారం కామన్స్ గట్టిగా నిలబడితే లార్డ్స్ ఆలస్యం చెయ్యగలరు కానీ ఆపలేరు, డబ్బు బిల్లయితే ఒక్క నెలే. కుక్కలతో నక్కల వేట నిషేధించిన 2004 చట్టం అలా లార్డ్స్ ఒప్పుకోకుండానే రాజముద్ర వేయించుకుంది.

రాజుగారికి ఒంట్లో బాలేకపోతేనో, విదేశాల్లో ఉంటేనో?

కౌన్సిలర్స్ ఆఫ్ స్టేట్ అని ఉంటారు, రాజుగారి భార్య, వారసత్వ వరసలో ముందున్న పెద్దవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు కలిసి చెయ్యొచ్చు. ఆ జాబితాలో రాజకుటుంబ పనుల నుంచి తప్పుకున్న హ్యారీ, ఆండ్రూ కూడా ఉండటంతో ఇబ్బంది వచ్చి, తీసెయ్యకుండా 2022లో ఒక చట్టం చేసి చార్లెస్ చెల్లెలు యాన్‌నీ తమ్ముడు ఎడ్వర్డ్‌నీ కలిపారు. ఇంటి గొడవని చట్టంతో సర్దుకోవడం అంటే ఇదే.

ఒకసారి ఇచ్చిన అసెంట్ చెల్లకుండా పోయిందా ఎప్పుడైనా?

పోయింది, అదీ ఈమధ్యే. 2019 సెప్టెంబరులో బోరిస్ జాన్సన్ బ్రెగ్జిట్ గొడవల మధ్య పార్లమెంటుని ప్రొరోగ్ చేయించారు. ఆ రాత్రి పైన చెప్పిన ఎర్ర గౌన్ల తంతులోనే పార్లమెంటు భవనాల మరమ్మతుల బిల్లుకి కూడా అసెంట్ చెప్పారు. సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు ఆ ప్రొరోగేషనే చెల్లదు, కమిషనర్లు తెల్ల కాగితం పట్టుకుని వచ్చినట్టే లెక్క అనేసింది. దాంతో ఆ తంతుతో పాటు అసెంటూ పోయింది. అక్టోబర్ 8న మళ్ళీ ఇచ్చారు, ఆ చట్టం మీద ఇప్పుడున్న తేదీ కూడా అదే.

స్కాట్లాండ్ పార్లమెంటు బిల్లులకి?

వాటికీ రాజుగారి అసెంట్ కావాలి, కాకపోతే పాస్ అయ్యాక మామూలుగా నాలుగు వారాలు ఆగాలి, లండన్ లా ఆఫీసర్లు సుప్రీంకోర్టుకి వెళ్ళాలంటే వెళ్ళడానికి. ఇంకా గట్టి ఆయుధం స్కాట్లాండ్ యాక్ట్‌లోని సెక్షన్ 35. 2022 డిసెంబరులో స్కాట్లాండు పాస్ చేసిన జెండర్ రికగ్నిషన్ బిల్లుని (చట్టరీత్యా జెండర్ మార్చుకోవడం సులువు చేసేది) 2023 జనవరిలో లండన్ మంత్రి ఆ సెక్షను వాడి అసెంట్‌కి వెళ్ళకుండా ఆపేశారు, అలా వాడటం అదే మొదటిసారి. ఆపింది రాజు కాదు, మంత్రి. గమనించండి.

మన స్వాతంత్ర్యానికి కూడా ఇలాగే అసెంట్ ఇచ్చారా?

ఇచ్చారు. ఇండియన్ ఇండిపెండెన్స్ బిల్లు 1947 జులై 4న కామన్స్‌లో పెట్టారు, జులై 18న ఆరో జార్జి అసెంట్ వచ్చింది. రెండు వందల ఏళ్ళ వ్యవహారం రెండు వారాల్లో. ఆయన బిరుదుల్లోంచి భారత చక్రవర్తి అనేది తీసెయ్యడానికి పార్లమెంటు ఒప్పుకున్న ముక్క కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇంకో సంగతి, అగస్ట్ 15తో మన దగ్గర రాజు పేరు పోలేదు. 1950 జనవరి 26 దాకా మన చట్టాలకి గవర్నర్ జనరల్ ఆమోదం రాజుగారి పేరు మీదే, మౌంట్‌బాటన్ తర్వాత మన రాజాజీ ఇచ్చింది కూడా అలాగే.

మన రాష్ట్రపతి, గవర్నర్ సంతకం ఇదే కదా?

పుట్టుక అదే, పెరుగుదల వేరు. రాజ్యాంగం 111 ప్రకారం రాష్ట్రపతి ఆమోదించొచ్చు, ఆపొచ్చు, డబ్బు బిల్లు కాకపోతే తిప్పి పంపొచ్చు. మళ్ళీ పాస్ చేసి పంపితే సంతకం పెట్టాల్సిందే. గడువు మాత్రం రాయలేదు, అందుకే 1986 పోస్టాఫీసు సవరణ బిల్లుని జ్ఞాని జైల్ సింగ్ అవునూ కాదూ అనకుండా అలా ఉంచేశారు. గవర్నర్లకి 200వ అధికరణ. తెలంగాణ ప్రభుత్వం 2023లో బిల్లులు గవర్నర్ దగ్గర ఆగిపోయాయని సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2025 ఏప్రిల్లో తమిళనాడు కేసులో కోర్టు గడువులు పెట్టింది, అదే ఏడాది నవంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకి జవాబిస్తూ ఐదుగురు జడ్జీల బెంచి, కోర్టులు అలా గడువులు పెట్టలేవు అంది. రాజు లేని మన దగ్గర సంతకం కోసం ఇంత కొట్లాట, రాజున్న చోట మూడొందల ఏళ్ళుగా చప్పుడే లేదు.

కెనడా, ఆస్ట్రేలియాలో?

రాజుగారి బదులు గవర్నర్ జనరల్ ఇస్తారు. కెనడాలో 2002 నుంచి కాగితం మీద ఇచ్చేస్తున్నారు, కానీ ఏడాదికి కనీసం రెండుసార్లు సెనేట్‌లో తంతు జరపాలని రూలు. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో గవర్నర్ జనరల్ ఒప్పుకున్న చట్టాన్ని కూడా ఏడాదిలోపు రాజు కొట్టేయొచ్చని ఉంది, ఒక్కసారీ వాడలేదు.

యూరపులో మాత్రం బెల్జియం కథ చెప్పుకోవాలి. 1990లో అబార్షన్ చట్టం మీద సంతకం పెట్టడానికి రాజు బౌడ్విన్‌కి మనసొప్పలేదు. అలాగని ఆపనూ లేదు. ఏప్రిల్ 4న మంత్రివర్గం ఆయన రాజ్యం చెయ్యలేని స్థితిలో ఉన్నారని ప్రకటించి, రాజు బదులు తామే సంతకాలు పెట్టేసి, మర్నాడు పార్లమెంటు చేత ఆయన్ని మళ్ళీ రాజుని చేయించారు.

ఆ చట్టం అసలు కాపీ ఎక్కడుంటుంది? మనం ఎలా చూడాలి?

రెండు కాపీలు అచ్చువేస్తారు, ఒకటి పార్లమెంటు ఆర్కైవ్స్‌కి, ఒకటి నేషనల్ ఆర్కైవ్స్‌కి. ఒకప్పుడు వెల్లం మీద, అంటే దూడ చర్మం మీద. ఖర్చు ఎందుకని గొడవపడి 2017 నుంచి లోపలంతా మంచి కాగితం, పైన కింద అట్టలు మాత్రం వెల్లం అని రాజీ పడ్డారు.

మనకైతే లెజిస్లేషన్ డాట్ గవ్ డాట్ యూకే సైటు చాలు, ఫ్రీ. యాక్ట్ తెరవగానే పైన బ్రాకెట్లో కనిపించే తేదీ అసెంట్ తేదీ, దాన్ని చూసి ఆగకండి. చివర్లో కమెన్స్‌మెంట్, అంటే అమలు ఎప్పటి నుంచో చెప్పే సెక్షను ఉంటుంది, అందులో మీకు కావాల్సిన సెక్షను నంబరు వెతకండి. "రెగ్యులేషన్స్ ద్వారా నిర్ణయించిన రోజు" అని ఉంటే ఆ రెగ్యులేషన్స్ వచ్చాయా లేదా అదే సైటులో చూడాలి. రాకపోతే మీ ఓనరుతోనో మీ హెచ్ఆర్‌తోనో దాని గురించి ఇంకా వాదన పెట్టుకోకండి.